స్టీరింగ్ అమ్మకండి, హాల్లోకి తెచ్చి పెట్టండి

ఈ సంగతి రాయడానికి నాకు కాస్త షరమ్‌గానే ఉంది. ఎందుకంటే జరిగిన దాంట్లో నా హిస్సా కూడా ఉంది.

మా భాయిజాన్ పద్నాలుగేళ్లుగా సౌదీలో, దమ్మామ్ దగ్గర ట్రైలర్ నడుపుతున్నాడు. పదో తరగతిలో మంచి మార్కులు తెస్తే కంప్యూటర్ గేములాడే స్టీరింగ్ కొనిస్తానని కొడుక్కి వాదా చేశాడు. మార్కులొచ్చాయి. వాదా ప్రకారం స్టీరింగూ వచ్చింది. లాజిటెక్ జీ29, మూడు పెడళ్లతో. పాతికవేల పైమాటే. అట్టపెట్టె విప్పుతుంటే మా అమ్మీ నోరు చేసుకుంది: "ఇత్తే పైసే ఏక్ ఖిలౌనే కు? తౌబా!" ఆ డబ్బుతో భాబీకి కొత్త కుట్టుమిషన్ వచ్చేది, ఇంటి మీద సున్నం పడేది, ఇంకా ఏదేదో అయ్యేది.

ఇంట్లో కంప్యూటర్ సంగతులు కొద్దోగొప్పో తెలిసినవాణ్ని నేనే కాబట్టి బిగించే పని నాకు పడింది. పోరడి పడకగదిలో, వాడి చదువు బల్ల మీద, గంటలో బిగించేసి చేతులు దులుపుకున్నాను. తలుపు మూసుకుని వాడు ఆడుకున్నాడు. ఇంట్లో గోల లేదు, అందరికీ సుకూన్.

మూడు నెలలు గడిచాయి. చెరకు కొట్టే రోజులు. ఒక రాత్రి వాడు ఇంట్లో ఉన్న పాత కారు తాళం తీసుకుని, దోస్తుని దింపి వస్తానని బోధన్ రోడ్డెక్కాడు. వయసు పదహారు. ఎడపల్లి దాటాక చెరకు లోడుతో ట్రాక్టర్ ఆగి ఉంది. వెనక రెండు ట్రాలీలు, ఒక్క ఎర్ర లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కరూ లేదు. దగ్గరికొచ్చాక చూసి బ్రేకు మీద నిలబడ్డాడు. స్టీరింగ్ తిప్పాడు. బండి తిరగలేదు. నేరుగా జారుకుంటూ పోయి, ట్రాలీని అంగుళాల్లో తప్పించుకుని, రోడ్డు దిగి పొలం బురదలో ఆగింది. హెడ్‌లైటు, బంపర్ పోయాయి. అల్లా రహమ్, పిల్లలిద్దరికీ గీత కూడా పడలేదు.

నేను వెళ్లి తీసుకొచ్చాను. దారిలో వాడు అన్న మాట ఒక్కటే. "చాచా, నేను తిప్పాను. పూరా తిప్పాను. గేములో తిరుగుతది."

మర్నాడు ఇంట్లో ఫైసలా అయిపోయింది. స్టీరింగ్ అమ్మేద్దాం, వీడికి ఇక కంప్యూటరే వద్దు. నేనూ తలూపాను. ఫోన్‌లో భాయిజాన్ అంతా విని, "నేను చుట్టీ మీద వస్తున్నా కదా, అప్పటిదాకా దాన్ని ముట్టకండి" అన్నాడు. వచ్చాక ఆయన చేసిన పనే నాతో ఈ రెండు మాటలు రాయిస్తోంది.

ఇలాంటి స్టీరింగులు ఇప్పుడు మన ఇళ్లలోకి వస్తున్నాయి. గల్ఫ్ నుంచి తండ్రి తెచ్చేవి, అన్న ఆన్‌లైన్‌లో కొనిచ్చేవి, సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి. వీటి మీద మనవాళ్లలో రెండే రాయ్‌లు వినిపిస్తాయి. ఒకటి, ఇది ఫుజూల్ ఖర్చు, పిల్లల్ని బర్బాద్ చేసే బొమ్మ. రెండోది, దీంతో డ్రైవింగ్ వచ్చేస్తది, రేపు గల్ఫ్‌కి పనికొస్తది. నా మాట వేరు. స్టీరింగ్ ఎక్కడ పెట్టాం, ఎలా బిగించాం, పక్కన ఎవరు కూర్చున్నారు అన్న మూడింటి మీదే అంతా ఉంది. మా ఇంట్లో ఆ మూడూ మొదట తప్పాయి.

ముందు నా గల్తీలు చెప్తాను. బల్ల పల్చటి ప్లైవుడ్‌ది. ఈ స్టీరింగ్ లోపల మోటార్లుంటాయి. గేములో టైరుకు తగిలే బరువు, గుంత, జారుడు అన్నీ అవి మన చేతికి చేరవేస్తాయి. దాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. నేను దాన్ని నూటికి నూరు పెట్టాను. బల్ల పూనకం వచ్చినట్టు ఊగేది. చక్రాల కుర్చీ వేశాను. బ్రేకు తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోయేది, అందుకని పోరడు బ్రేకు తొక్కడమే తగ్గించాడు. పెడళ్లు నున్నటి టైల్స్ మీద పెట్టాను, అవి ముందుకు జారేవి. కీబోర్డు అలవాటున్న చేతికి స్టీరింగ్ నిదానంగా తిరుగుతోందని వాడు గునిస్తే, 900 డిగ్రీలు తిరిగేదాన్ని 240కి తగ్గించేశాను. అంటే ఈ చివర నుంచి ఆ చివరికి రెండున్నర చుట్లు తిరగాల్సింది, ఒక చుట్టు కూడా తిరగదు. గేములో సాయం చేసే సెట్టింగులన్నీ ఆన్. బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా టైరు బిగుసుకోకుండా గేమే చూసుకుంటుంది. మొత్తానికి పాతికవేల సామానును రెండొందల కీబోర్డుగా మార్చి వాడి చేతికిచ్చాను.

భాయిజాన్ వచ్చిన రెండో రోజే మొత్తం విప్పించి హాల్లోకి తెప్పించాడు. హాల్లో మా అబ్బా మేజా ఉంది. అబ్బా శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పనిచేసేవారు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడ్డ ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అంతకు చాలా ముందే రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు అబ్బా తెచ్చుకున్న టేకు మేజా అది. ఇద్దరు మనుషులు ఎత్తితే గానీ కదలదు. స్టీరింగ్‌కున్న రెండు క్లాంపులు దాని అంచుకు కరిచి పట్టుకున్నాయి. ఇక బల్ల ఊగిన పాపాన పోలేదు.

మీ ఇంట్లో బిగించుకునేవాళ్ల కోసం క్రమం చెప్తాను. బరువైన మేజా చూసుకోండి. అంచు చదునుగా ఉండాలి, అద్దం బల్ల అసలు నక్కో. రెండు క్లాంపులూ చేత్తోనే, సమానంగా బిగించండి. కుర్చీకి నాలుగు కాళ్లుండాలి, చక్రాలు కాదు. భోజనాల బల్ల కుర్చీ చాలు. పెడళ్ల వెనకభాగం గోడకు ఆనించండి, అప్పుడు ఎంత తొక్కినా ముందుకు పోవు. జీ29 పెడళ్ల కింద తివాచీని పట్టుకునే పళ్లుంటాయి. మా ఇంట్లో పాత జంఖానా మడతపెట్టి వేశాం, పళ్లు దాన్ని కరిచి పట్టుకున్నాయి. వీపు కుర్చీకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద పడాలి. బ్రేకు చివరిదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. స్క్రీన్ వీలైనంత దగ్గరగా, స్టీరింగ్ వెనకే పెట్టుకోండి. స్క్రీన్ దూరంగా ఉంటే మలుపు ఎంత దూరంలో ఉందో కంటికి అందదు.

ముందు కరెంటు అడాప్టర్ పెట్టి, తర్వాత యూఎస్‌బీ తీగ నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. పెట్టగానే స్టీరింగ్ తనంతట తానే అటూ ఇటూ గిరగిరా తిరిగి తన మధ్యభాగం ఎక్కడో చూసుకుంటుంది. మా అమ్మీ దాన్ని చూసి "జిన్ హై క్యా ఇస్‌మే?" అని రెండడుగులు వెనక్కి వేసింది. ఆ కాసేపు ఎవరూ చెయ్యి పెట్టొద్దు. లాజిటెక్ వాళ్ల జీ హబ్‌లో తిరిగే కొలత 900 డిగ్రీలే ఉంచండి. ఒక్కో పెడల్ తొక్కి, గీత కింది నుంచి పైదాకా పూర్తిగా పోతోందో లేదో చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇక్కడే జాగ్రత్త పడాలి. పెడల్ కదపకుండానే గీత వణుకుతుంటే లోపల అరిగిందని అర్థం. ఒరిజినల్ అడాప్టర్ లేకుండా అమ్ముతుంటే తీసుకోకండి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ యాభై, అరవై దగ్గర మొదలుపెట్టండి. మరీ ఎక్కువైతే పెద్ద బరువూ చిన్న బరువూ ఒకేలా తగులుతాయి, చెయ్యి నొప్పి తప్ప ఖబర్ ఏమీ అందదు. ఈ బ్రేకు పెడల్ లోపల రబ్బరు ముక్క ఉంటుంది, అందుకే గట్టిగా ఉంటుంది. గట్టిగా ఉందని దాన్ని పీకేయొద్దు. కాలు నేర్చుకునేది ఆ గట్టిదనం వల్లే.

అలవాటు పడటం వేరే సంగతి. మొదటి వారం ఎవరికైనా కీబోర్డు కంటే అధ్వాన్నంగా వస్తుంది. పిల్లలు ఇక్కడే దిల్ పడేసుకుంటారు. కీబోర్డుకు తెలిసింది రెండే, పూర్తిగా తిప్పు లేదా అస్సలు తిప్పకు. స్టీరింగ్‌కు ఆ రెంటి మధ్య వెయ్యి మెట్లుంటాయి. వాటిని చెయ్యి కనుక్కోవాలి. రోజుకు అరగంట చాలు, భుజాలు నొప్పెడితే ఆపేయాలి. మా ఇంట్లో అస్ర్‌కీ మగ్రిబ్‌కీ మధ్య వేళ పెట్టుకున్నాం. రాత్రిపూట నక్కో. ఈ స్టీరింగ్ లోపల పళ్ల చక్రాలుంటాయి, ఆ గడగడ పక్కింటికి వినిపిస్తుంది.

మొదట రేసు గేము కాదు, లారీ గేము పెట్టించాడు భాయిజాన్. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. ప్రాగ్‌లో ఉండే ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ వాళ్లు 2012లో తెచ్చింది, ఇప్పటికీ ఆడుతున్నారు. అందులో ఎక్కువ దేశాల్లో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు. సౌదీలోనూ అంతే. కొడుకు కుర్చీలోంచి లేచి తండ్రికి చోటిచ్చాడు. భాయిజాన్ లుంగీ సర్దుకుని కూర్చుని, మొదటి మలుపులోనే పక్క బండిని గీకేశాడు. అందరూ నవ్వారు. పది నిమిషాలు పట్టింది ఆయనకు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ట్రైలర్‌ను వెనక్కి పెట్టడం ఆ గేములో అందరికీ ముష్కిల్. మా పోరడు మూడు నెలలు ఆడినా దాన్ని దాటేసేవాడు. భాయిజాన్ అద్దం చూసుకుంటూ ఒకే దెబ్బలో గోదాము గుమ్మానికి ఆనించాడు. "తోక కుడికి రావాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పు. కొంచెం తిప్పు, ఆగు, చూడు. తోక కదలడం మొదలైందంటే నువ్వు వాపస్ తిప్పడం మొదలుపెట్టాలి." వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కాలేజీలో అబ్బా ఏం చేస్తారని అడిగితే "బాహర్ హై" అని ముక్తసరిగా చెప్పే పోరడు వాడు. తండ్రి చేసేది డ్రైవరీ అని చెప్పడానికి మన పిల్లలకు ఎందుకో నామోషీ. ఆ సాయంత్రం వాడు మొదటిసారి తండ్రిని ఉస్తాద్‌గా చూశాడు. ఏడాదికి ఒక నెల కనిపించే మనిషికి, కొడుక్కి నేర్పించడానికి తనకు బాగా తెలిసిన పని ఒకటి దొరికింది.

అసలు సబఖ్ తర్వాతి వారం జరిగింది. అసెట్టో కోర్సా అని ఇటలీ వాళ్ల గేము, టైరు పట్టు లెక్కలో మంచి పేరున్నది. అందులో చిన్న కారు అబార్త్ 500, చిన్న ట్రాక్ మజోనే పెట్టాం. రోజూ అదే కారు, అదే ట్రాక్. సాయం చేసే సెట్టింగులన్నీ తీసేయమన్నాడు భాయిజాన్. నేను ఏబీఎస్ ఆఫ్ చేశాను. "అరవై మీద పో. బ్రేకు పూరా తొక్కి, తొక్కే ఉంచి, ఇప్పుడు తిప్పు." వాడు తిప్పాడు. కారు తిరగలేదు. నేరుగా జారుకుంటూ పోయింది. స్టీరింగ్ చేతిలో దూదిలా తేలికైపోయింది. "ఇప్పుడు మళ్లీ. ఈసారి తిప్పేటప్పుడు కాలు కొంచెం లేపు." కాలు లేచింది, చేతిలో బరువు తిరిగొచ్చింది, కారు మలుపు తీసుకుంది.

వాడు స్టీరింగ్ వదిలేసి చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఎడపల్లి దగ్గర ఆ రాత్రి ఏం జరిగిందో వాడికి అప్పుడు అర్థమైంది. మా పాత కారుకు ఏబీఎస్ లేదు. ముందు చక్రాలు బిగుసుకుపోతే అవి దొర్లవు, జారుతాయి. జారే చక్రాన్ని ఎటు తిప్పినా బండి వినదు. గేము మూడు నెలలు ఆ నిజాన్ని వాడికి కనపడకుండా దాచింది. దాచే సెట్టింగ్ పెట్టింది నేను. "పెడల్ కే నీచే అండా హై సమఝ్ కో దబా" అన్నాడు భాయిజాన్. కింద గుడ్డు ఉందనుకుని తొక్కు. అంతకుమించి కోప్పడలేదు.

అయితే దీన్ని విని, స్టీరింగ్ కొనిస్తే డ్రైవింగ్ వచ్చేస్తదని ఎవరూ అనుకోవద్దు. ఎడపల్లి దగ్గర బ్రేకు సరిగ్గా తొక్కి ఉంటే బాగుండేది, కానీ అసలు వాడు ఆ సీట్లో ఉండకూడదు. స్క్రీన్ మీద సీటు కదలదు, కడుపులో భయం కదలదు, ఎదుటి లారీ హైబీమ్‌కు కళ్లు మూతపడవు. నిజామాబాద్ నుంచి అర్సపల్లి, జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ పోయే దారిలో సీజన్‌లో రాలిపడే చెరకు గడలు, బర్రెలు, లైటు లేని ట్రాలీలు ఏ గేములోనూ లేవు. అన్నిటికంటే ముఖ్యం, రోడ్డు మీద రీస్టార్ట్ బటన్ లేదు.

పిల్లలు వెంటనే జాన్ మార్డెన్‌బరో పేరు చెప్తారు. నిజమే, ఆ ఇంగ్లండ్ పోరడు 2011లో నిస్సాన్, ప్లేస్టేషన్ వాళ్లు పెట్టిన జీటీ అకాడమీ గెలిచి నిజమైన రేసర్ అయ్యాడు. 2013లో లె మాన్స్‌లో తన క్లాసులో మూడో స్థానంలో వచ్చిన జట్టులో ఉన్నాడు. 2023లో అతని మీద సినిమా కూడా వచ్చింది. కానీ గేము గెలిచిన మర్నాడే అతని చేతికి తాళం ఇవ్వలేదు. నిజమైన కార్లలో, నిజమైన ఉస్తాదుల దగ్గర తర్ఫీదు ఇచ్చాకే రేసులోకి పంపారు. సినిమా చూసిన పిల్లలకు ఈ ముక్క కూడా గుర్తు చేయండి.

ఖానూన్ సంగతి కూడా చెప్పుకోవాలి. కారు లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి, లారీలాంటి రవాణా బండికి ఇరవై. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 199ఏ అనే సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం జరిగితే సంరక్షకుడి మీద, బండి యజమాని మీద కేసు. మూడేళ్ల వరకు జైలు, పాతికవేలు జుర్మానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఈ చివరిది చదివి భాయిజాన్ చాలాసేపు మాట్లాడలేదు. డ్రైవరీ మీద రోజీ నడిచే ఇంట్లో పాతికేళ్లదాకా లైసెన్స్ లేకపోవడమంటే ఏమిటో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. స్టీరింగ్‌కు పెట్టిన పైసలూ పాతికవేలే, జుర్మానా పైసలూ పాతికవేలే. ఆ రాత్రి ట్రాలీ ఇంకో అడుగు ఇటు ఉంటే ఏ లెక్కా మిగిలేది కాదు.

అందుకే నేను అడిగేది ఇంతే. స్టీరింగ్ కొంటే పడకగదిలో పెట్టకండి, హాల్లో పెట్టండి. నలుగురూ చూసే చోట ఎవరూ రెండొందల స్పీడు మీద గోడకు గుద్ది కేకలు వేయరు. మన ప్రతి మొహల్లాలో లారీ, బస్సు, ట్రైలర్ నడిపి నడుములు అరిగిన చాచాలు, మామూలు ఉన్నారు. చాయ్‌కి పిలిచి పక్కన కూర్చోబెట్టండి. ఒక సాయంత్రంలో వాళ్లు చెప్పేది ఏ వీడియో చెప్పదు. హెవీ డ్రైవింగ్ నిజంగా నేర్చుకోవాలనుకునే పెద్దపిల్లలకు పక్క జిల్లాలో, సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో శిక్షణ సంస్థ ఉంది. ఆ దారి అది, ఈ దారి ఇది. రెంటినీ కలపకండి.

ఇంకొక్క మాట. స్టీరింగ్ అబ్బాయిల సొత్తు కాదు. మా భతీజీ డిగ్రీ చదువుతోంది. తమ్ముడు లేచాక కూర్చుంది. తొందర లేదు, ఎవరినో దాటాలన్న జిద్దు లేదు. రెండు వారాల్లో మా అందరికంటే సాఫీగా బ్రేకు వేస్తోంది. 2018 జూన్‌లో సౌదీలో ఆడవాళ్లు స్టీరింగ్ పట్టినప్పుడు భాయిజాన్ అక్కడే ఉన్నాడు. "వాళ్ల వెనక బండి నడపడం నాకు బేఫికర్" అంటాడు. ఆమెకు వయసు వచ్చింది కాబట్టి ఇప్పుడు లెర్నింగ్ లైసెన్స్‌కు పెట్టాం. మా ఇంట్లో ఆ స్టీరింగ్ వల్ల మొదట లైసెన్స్ వచ్చేది కూతురికే.

భాయిజాన్ మొన్న మళ్లీ దమ్మామ్ వెళ్లాడు. వెళ్లే ముందు పాత కారు బాగు చేయించి, తాళంచెవి అమ్మీ చేతికిచ్చాడు. అది ఇప్పుడు ఆమె పాన్‌దాన్‌లో ఉంది. సాయంత్రం మేజా దగ్గర మనవడు కూర్చుంటే అమ్మీ పక్కన తఖ్త్ మీద వక్కలు కత్తిరిస్తూ చూస్తుంటుంది. లారీ మలుపు దగ్గరికి రాగానే చెయ్యి ఆపి, "ఆహిస్తా, ఆహిస్తా" అంటుంది. ఇత్తే పైసే అన్న మాట మాత్రం ఇంకా మానలేదు.